రెండు మిట్టలు

నల్గొండలో ఒక కిరాయి ఇల్లు, ఆదివారం సాయంత్రం. వంటగదిలో తిరుమల, ఆమె భర్త కృష్ణకాంత్. అతడు ఆమెకు మేనబావ, ఊళ్లోనే ఒక ప్రైవేటు ల్యాబులో కెమిస్టు.

"అట్ల కాదు బావా. రేపు ఎంక్వయిరీల ఆఫీసరు ముంగట ఎట్ల చెప్తవో అట్ల చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాలె తిరుమలా? పొడి నూరే మిల్లుకాడ పట్టిన దుమ్ము చూసినం. అండ్ల పలుగురాయి లేదు. అయిపాయె. చాయ పెట్టు."

"పెడ్త. 'చూసినం' అంటే ఎట్ల చూసిన్రు?"

"మిషన్‌ల పెట్టి చూసినం."

"ఆ మిషన్ ఏం చేస్తది అంటడు ఆయన. ఆయన చదివింది చరిత్రనట. ఆయనకు కెమిస్ట్రీ రాదు."

"ఆఫీసరు ఏం చదివిండో గూడ ఎర్కనా నీకు?"

"తమ్ముడు విజేందర్ ఫోన్లు చేసి కనుక్కున్నడు. వానికి వేరే పనేమున్నది, మంచంల కూసోని దగ్గుడు తప్ప. జర నిదానంగ చెప్పు, తెలుగుల చెప్పు."

"కాయితం ఇచ్చినం, కాయితం మీద సంతకం ఉన్నది. ఇగ నేను చెప్పేదేంది?"

"సంతకం నీదే గదా."

"ల్యాబుల కెమిస్టును నేను. నాది గాక మీ అమ్మదా?"

"అందుకే నిన్ను అడుగుతున్న. నా తమ్ముని కేసు బావా. దుమ్ముల పలుగురాయి ఉన్నదని తేలితేనే వాని రోగం మిల్లుల తగులుకున్న రోగమైతది. అప్పుడే మిల్లోళ్ళు వాన్ని హైదరాబాదుల పెద్ద దవాఖానల చూపియ్యాలె. లేకుంటే ఏమంటరు? బీడీలు తాగిండు, దగ్గొచ్చింది అంటరు. వాడు బీడీ ముట్టలే ఏనాడు."

"నాకు తెల్వదా?"

"తెల్సు. అందుకే చెప్పు."

"సరే, విను. మిషన్‌ల ఒక దీపం ఉంటది. కంటికి కనపడని కాంతి, వేడి తీరు. దాన్ని దుమ్ములకెల్లి పంపిస్తం. ఒక్కొక్క రాయి ఒక్కొక్క రంగు కాంతిని మింగుతది. ఏది మింగిందో చూసి ఏం రాయో చెప్తం."

"ఒక్కొక్క రంగు ఇడిచి ఇడిచి చూస్తరా?"

"అట్ల చూస్తే పొద్దుగూకుతది. అన్ని రంగులు ఒక్కపారే పోతయి. లోపల ఒక అద్దం ఉంటది, అది ముందుకు జరుగుతాంటే అన్ని కలిసి ఒక్కటే అల తీరు వస్తది. మామూలు మనిషి చూస్తే పిచ్చిగీతలు."

"బతుకమ్మ కాడ ఊరి ఆడోళ్ళందరు ఒక్కపారి పాడినట్టు. దూరంకెల్లి ఇంటే ఒక్కటే గోల."

"ఆ, గట్లనే. ఆ గోలలకెల్లి ఎవలి గొంతు ఎవలిదో కంప్యూటర్ ఇడదీస్తది. ఫోరియర్ లెక్క అంటరు దాన్ని. చాలా?"

"గొంతులు ఎప్పుడు ఇడదీయొస్తది? ఒక్క చరణం ఇంటే వస్తదా?"

"రాదు. ఎంతసేపు ఇంటే అంత తేటగ తెలుస్తది."

"అంటే అద్దం ఎంత దూరం పోతే అంత."

"నీకు తెల్సు గదనే! నాతోని ఎందుకు చెప్పిస్తున్నవ్? పెండ్లయినంక చదివిందంత చారుల పోసినవనుకున్న."

"చారుల పోసినా అడుగుకు తేరుతది బావా. జర గట్టిగ చెప్పు, పక్కింటోళ్ళ మోటరు నడుస్తాంది."

"గట్టిగ చెప్పెతందుకు ఇది మీటింగా? చాయ ఏదే?"

"నీళ్ళు మసులుతున్నయి. నీ రిపోర్టు కాపీ విజేందర్ తెప్పిచ్చిండు, చూసిన. గ్రాఫుల ఒక్కటే మిట్ట ఉన్నది. బోడగుట్ట తీరు."

"ఉంటే?"

"ఒక్క మిట్ట ఉంటే ఏంది అర్థం?"

"గాజుదుమ్ము అని అర్థం. మిల్లోళ్ళు రాసిచ్చింది గూడ గదే. పగిలిన సీసాలు నూరుతమని రాసిచ్చిన్రు. గాజుదుమ్ము పలుగురాయంత హాని చెయ్యది. రిపోర్టుకు, వాళ్ళు రాసిచ్చిన దానికి సరిపాయె."

"పలుగురాయైతే గ్రాఫు ఎట్లుంటది?"

"తెలిసి అడుగుడేంది?"

"ఆఫీసరు అడుగుతున్నడనుకో."

"రెండుంటయి. రెండు మిట్టలు పక్కపక్కన, నడుమ చిన్న పల్లం. పలుగురాయికి గదే గుర్తు. ఎమ్మెస్సీల నువ్వే నాకు చెప్పినవ్, జంట కనపడ్తే రాయి, ఒంటిగుంటే గాజు అని. పరీక్షల గదే రాసిన. సంబురమా?"

"ఆ రెండు మస్తు దగ్గర దగ్గర ఉంటయి గదా. అద్దం జర దూరం పోయి ఆగిపోయిందనుకో, అప్పుడు?"

"ఆగిపోతే ఏమైతది? ఏం గాదు."

"బావా."

"ఆగిపోతే రెండు కలిసిపోయి ఒక్కటే కనపడ్తది."

"బోడగుట్ట తీరు."

"నువ్వు అనదల్చుకున్నదేందో సీదా అను."

"మిషన్‌ల అద్దం ఆగిందా?"

"పాత మిషన్ తిరుమలా. అప్పుడప్పుడు మొరాయిస్తది. మా సారును కొత్తది కొనమంటే కొనడు. ఆయన ఇంటికి మాత్రం రెండో కారు కొంటడు."

"ఆ దినం మొరాయించిందా?"

"మొరాయించిందేమో. నేను అండ్ల దూరి చూసిన్నా?"

"మొన్న నువ్వు మన స్నిగ్ధను ట్యూషన్ కాడ దింపెతందుకు పోయినప్పుడు నీ ల్యాప్‌టాప్ తీసిన."

"నా ల్యాప్‌టాపా? నిన్నెవరు తియ్యమన్నరు?"

"పాస్‌వర్డ్ పెట్టిచ్చింది నేనే. నువ్వు మర్చిపోతవని."

"అది ల్యాబు సొత్తు! నా నౌకరి పోతది, నీకు సమజైతాందా?"

"ముడి ఫైలు ఉన్నది బావా. మిషన్ ఇన్నది ఇన్నట్టు రాసుకున్న ఫైలు. అద్దం ఆఖరుదాక పోయింది. యాడ మొరాయించలే. మిషన్ పాట మొత్తం ఇన్నది. లెక్కకట్టేటప్పుడు మధ్యల కోసి, మిగిలింది పారేసింది మనిషి."

"పాలు పొంగుతున్నయి చూడు."

"పొంగనియ్. నేను కొయ్యకుంట లెక్క కట్టిన. ఏమొచ్చింది?"

"నువ్వు కట్టినవ్, నువ్వే చెప్పు."

"నీ నోటితోని ఇనాలె నాకు."

"స్టవ్ బంద్ చెయ్యే, మాడువాసన వస్తాంది."

"ఏమొచ్చింది బావా?"

"రెండు."

"రెండేంది?"

"రెండు మిట్టలు! చాలా? పలుగురాయే. ఆ మిల్లుల పలుగురాయి గాక పసుపుకొమ్ములు నూరుతరా? రోజు లారీల రాయి దిగుతుంటే ఊరంత చూస్తలేరా?"

"ఊరంత చూసింది నీ కాయితం మీదికి రాకపాయె."

"నా ఒక్కని కాయితమా? మా ల్యాబుల అన్ని మిల్లులకు అదే లెక్క. నేను చేరకముందుకెల్లి ఆ సెట్టింగు ఉన్నది. దుమ్ము శాంపిళ్ళు వస్తే గదే ఉంచు, మార్చకు అన్నడు సారు. తొందరగ అయితదని పెట్టిన్రేమో అనుకున్న. మొదలు నాకు గూడ తెల్వది, ఒట్టు."

"తర్వాత?"

"తర్వాత తెల్సింది."

"తెల్సినంక?"

"తెల్సెటాళ్ళకే ఎన్నో కాయితాల మీద సంతకం పెడితి. ఇప్పుడు ఇది తప్పంటే అయన్ని తప్పే. స్వెటర్ల ఒక్క కుట్టు గుంజితే ఏమైతది? మొత్తం ఊడుతది. ఎంతమంది కూలోళ్ళు, ఎన్ని మిల్లులు! అందరు నా మీదికే వస్తరు. సారు మీదికి రారు, సారు సంతకం ఏడ లేదు."

"మిల్లుల పనిచేసిన మా వాడకట్టు కురుమయ్య మామ పోయింది నీకు తెల్వకముందా, తెల్సినంకనా?"

"ఆయనకు టీబీ."

"టీబీ అని రాసిన్రు. నేనడిగింది అది కాదు."

"తెల్సినంకనే."

"విజేందర్ మిల్లుల చేరింది?"

"ఇప్పుడు గదెందుకు?"

"చేరింది ఎప్పుడు బావా?"

"నీకు తెల్వదా? నన్నెందుకు సంపుతవ్?"

"అమ్మ వద్దన్నది. కురుమయ్య దగ్గి దగ్గి పోయిన జాగా, నాకు భయమైతాంది కొడుకా, ఆటో కొనుక్కోని నడుపుకో అన్నది. మిల్లు గేటుకు అప్పటి రిపోర్టు అంటిచ్చిన్రు, విజేందర్ ఫోన్ల ఫోటో తీస్కొచ్చి చూపిచ్చిండు. కింద నీ పేరున్నది. అమ్మకు నేనే చెప్పిన. 'అమ్మా, మన బావ చూసి సంతకం పెట్టిండు, ఇగ ఫికర్ చెయ్యకు' అన్న. నువ్వు నా పక్కకు కూసోని బువ్వ తింటున్నవ్. తలకాయ ఎత్తలే."

"ఎత్తి ఏమనాలె? వద్దంటే ఏమనేటోళ్ళు? బామ్మర్ది నాలుగు పైసలు కమాయిస్తే కృష్ణకాంత్ ఓర్వలేడు అనేటోళ్ళు."

"అననియ్యకపోయినవా?"

"మాస్కులు తెచ్చిచ్చిన గదా వానికి!"

"తెచ్చిచ్చినవ్. హైదరాబాదుకెల్లి డబ్బాడు తెచ్చిచ్చినవ్. మా వాడకట్టు అంత తిప్పి చూపెట్టిన ఆ డబ్బను. మా బావ చూడు, ఏం లేని దుమ్ముకు గూడ ఎంత జాగ్రత్త చేస్తున్నడో అని. ఏం లేని దుమ్ముకు మాస్కులెందుకు తెచ్చిండు అని నాకు బుద్ధి పుట్టకపాయె. కెమిస్ట్రీ చదివిన ముండను."

"వాడు కట్టుకున్నడా మరి? ఉక్కపోస్తాంది అని జేబుల పెట్టుకునేటోడు. కట్టుకొమ్మని ఎన్నిసార్లు చెప్పిన!"

"కట్టుకోకుంటే సస్తవురా అని చెప్పినవా?"

"గొంతు పెంచకు."

"నేను పెంచుతలేను. నువ్వే పెంచుతున్నవ్."

"ఇప్పుడు ఏం చెయ్యాలంటవ్ నన్ను?"

"రేపు పో. పోయి ఇప్పుడు నాకు చెప్పిందే ఆయనకు చెప్పు. ముడి ఫైలు ఆయన చేతుల పెట్టు."

"పెట్టి?"

"పెట్టి ఇంటికి రా."

"ఇంటికి రానిస్తరా నన్ను? పోలీసులు అటే తీస్కపోతరు. స్నిగ్ధ ఇస్కూల్ల మీ నాయిన ఏడున్నడు అంటే ఏం చెప్తది పోరి?"

"ఆఖరుకు నిజం చెప్పిండు మా నాయిన అని చెప్తది."

"కథలల్ల మంచిగుంటది ఆ మాట. కిరాయి ఎవలు కడ్తరు? పోరి ఫీజు ఎవలు కడ్తరు?"

"నేను కడ్త. నాకు గూడ నీకున్న చదువే ఉన్నది. స్నిగ్ధ కడుపుల పడ్డప్పుడు ల్యాబుల పని నీకు దొరికింది, నాకు వంట దొరికింది, గంతే తేడా."

"ఆ, ఎప్పుడో బయటపడ్తదనుకున్న గా మాట."

"మాట తిప్పకు బావా."

"తిప్పుతలేను. మీ అమ్మ బువ్వ పెడితే చదువుకున్న నేను. నాకు గుర్తు లేదనుకుంటున్నవా? మా నాయిన పోయినంక అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలే. విజ్జిగానికి, నాకు ఒక్కటే కంచం."

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టుడు అంటే ఏందో అనుకునేదాన్ని. ఇప్పుడు ఎర్కైంది."

"అనుకో. ఎంతన్న అనుకో. వాని మందులు నేను చూస్కుంటలేనా? నెలనెల దవాఖానకు ఎవలు తీస్కపోతున్నరు? బండి మీద ఎనుక కూసోలేకపోతున్నడని ఆటో మాట్లాడింది ఎవలు?"

"నువ్వే. అందుకే ఇంత కడుపుల మండుతాంది నాకు. తెల్వనోడు చేస్తే తిట్టి ఊకుందును. నువ్వు వాన్ని చెయ్యి పట్టుకోని నడిపిచ్చుకుంట దవాఖానకు తీస్కపోతివి, అదే చేతితోని ఒచ్చి రిపోర్టు కోస్తివి. పొద్దున అది, మాపటికి ఇది. ఎట్ల చాతనైంది బావా నీకు?"

"ఏమో. చాతనైంది."

"రేపు పోతవా?"

"పోను."

"మరి నేను పోత. నేను తీసిన గ్రాఫు చూపిస్త."

"పో! ల్యాప్‌టాప్ దొంగతనం చేసిన్నని చెప్పు. నీ గ్రాఫు ఎవలు చూస్తరు? ఇంట్ల వంటచేసుకునే మనిషి గీసిన గ్రాఫు అంటరు. ల్యాబు ముద్ర లేదు, సంతకం లేదు. నా నోట రాకుంటే అది ఉత్త బొమ్మ."

"ఎర్కే. నీ నోటనే రావాలె."

"రాదు. నా తోటి గాదు. ఇగ ఇడిచిపెట్టు తిరుమలా. దండం పెడ్త. కేసు గెలిచి ఏం చేస్తరు? పెద్ద దవాఖాన, పెద్ద దవాఖాన అని అందరికి ఆశ పెడ్తున్నవ్. కేసు తేలెటాళ్ళకు…"

"తేలెటాళ్ళకు ఏంది?"

"ఏం లేదు."

"ఏందో అనబోయినవ్."

"ఏం లేదంటున్న గదా."

"నీకు సగంల కోసుడు అలవాటైంది బావా. గ్రాఫైనా గంతే, మాటైనా గంతే."

"కొయ్యకుంట చెప్పాల్నా? ఇంటవా? తట్టుకుంటవా?"

"తట్టుకుంట."

"కేసు తేలెటాళ్ళకు వాడు ఉండడు. ఉండడే తిరుమలా! వాని ఊపిరితిత్తులు రాయై కూసున్నయి. ఏ దవాఖాన ఏం చెయ్యలేదు, ఏ మందు పని చెయ్యది. ఎక్స్‌రే పట్టుకోని డాక్టర్ నన్ను ఒక్కన్ని లోపటికి పిలిచి చెప్పిండు. ఈ ఎండకాలం దాటడన్నడు. ఇంట్ల చెప్పకుండ్రి, ఉన్నన్ని దినాలన్న నిమ్మలంగుంటరు అని ఆయనకు నేనే చెప్పిన. ఇప్పుడు చెప్పు, ఎవలి కోసం పోవాలె నేను జైలుకు? ఎవలి కోసం?"

"బావా."

"ఏడువకు. అడిగినవ్, చెప్పిన."

"బావా, ఎంత పని చేసినవ్."

"నేనేం చేసిన? డాక్టర్ చెప్పిన మాట చెప్పిన. ఇంట్ల మనమిద్దరమే ఉన్నం గదా. మీ అమ్మకు చెప్పకు, విజ్జిగానికి తెల్వనీయకు. మన మధ్యనే…"

"ఇద్దరం లేం బావా."

"ఏంది?"

"నీ ఎనుక అల్మారల నా ఫోనున్నది. నువ్వు చెప్పులిడిచి లోపటికి రాకముందే కలిపి పెట్టిన. అటుదిక్కు దగ్గు ఇనపడొద్దని సౌండు తగ్గిచ్చిన. విజేందర్ ఇంటున్నడు."

"తిరుమలా!"

"నువ్వు తప్పు ఒప్పుకుంటవు, వాడు ఇంటడు, రేపు నువ్వు ఎటూ తప్పిచ్చుకోరాదు అనుకున్న. గంతే అనుకున్న. ఈ మాట ఒకటి దాచిపెట్టినవని నాకేం తెల్సు? నేనెందుకు తవ్విన? నువ్వు వద్దన్నా నేనెందుకు తవ్విన?"

"కట్ చెయ్! ముందు దాన్ని కట్ చెయ్!"

"ఇప్పుడు చేస్తే ఏం లాభం? జరుగు. విజ్జీ… తమ్మీ… లైన్ల ఉన్నవా?"

"ఉన్న అక్కా."

"బావ కోపంల అన్నడురా. ఉత్తగ అన్నడు. నన్ను బెదిరిచ్చెతందుకు అన్నడు. డాక్టర్ అట్ల అనలే…"

"అన్నడక్కా. ఆ దినం నేను తలుపు కాడనే నిలవడ్డ. బావ బయటికొచ్చి నవ్వుకుంట చాయ తాగుదాం పద అంటే నాకేం తెల్వనట్టు ఎంబడి పోయిన."

"నీకు ఎర్కనా? ఇన్ని దినాలు నీకు ఎర్కనా?"

"నాకెర్కే. నా మీద రంది పెట్టుకోకు. బావా, నువ్వు గూడ భయపడకు, నేను తిట్టను నిన్ను. కాని అక్కా, ఒక్కన్నే ఇంటే రేపు ఎవలు నమ్మరు, ఎవలినన్న సాక్షి పెట్టుకోమంటివి గదా పొద్దున. వేరే ఎవలు దొరుకుతరు నాకు? స్పీకర్ పెట్టి అమ్మను పక్కకు కూసోబెట్టుకున్న."